పొయ్యి వెలిగించని చాక్లెట్ ఫడ్జ్‌కు కాంపౌండ్ వాడవచ్చునా, అసలు చాక్లెట్టే వాడాలా?

పెరంబూరు కోడలు
అందరికీ నమస్కారం. ఈ దీపావళికి మా అపార్ట్‌మెంటులోని 32 ఇళ్ళకూ ఇంటికి రెండు ముక్కల చొప్పున చాక్లెట్ ఫడ్జ్ పంచాలని అనుకుంటున్నాను. 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి, 400 గ్రాముల చాక్లెట్, 30 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు కలిపి వేడినీళ్ళ గిన్నె మీద కరిగించి, బటర్ పేపరు పరచిన 8 అంగుళాల ట్రేలో పోసి, పైన జెమ్స్ బిళ్ళలూ నలగగొట్టిన పిప్పరమెంటు ముక్కలూ చల్లి, మూడు గంటలు ఫ్రిజ్‌లో పెడితే 64 ముక్కలు వస్తాయని లెక్క వేసుకున్నాను. మా చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర టోకు అంగడి ఆయన చాక్లెట్‌కు బదులు వాడే కాంపౌండ్ దిమ్మ తీసుకోమంటున్నారు, ధర సగం కూడా లేదు, చెన్నై ఎండకు కరగదు అంటున్నారు. మా ఆడపడుచు మాత్రం కాంపౌండ్ అసలు చాక్లెట్టే కాదు అంటున్నది. ఏది వాడమంటారు? బిళ్ళలు లోపల కలపాలా, పైన చల్లాలా?

తీగపాకం
మీ ఆడపడుచు చెప్పినది అక్షరాలా నిజం. చాక్లెట్‌కు ప్రాణం కోకో బటర్. అది సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన నోటి వేడి అంతకంటె కొంచెం ఎక్కువ కనుక ముక్క నాలుక మీద పెట్టగానే కరిగి జారిపోతుంది. కాంపౌండ్‌లో కోకో బటర్‌కు బదులు పామ్ గింజల నూనె వంటి కొవ్వును గట్టిపరచి వేస్తారు. దాన్ని ఎండకు నిలబడేటట్లు తయారు చేస్తారు కాబట్టి నోట్లో కూడా నిలబడుతుంది, అంగిలికి మైనంలా అంటుకుంటుంది. చాక్లెట్ అని అమ్మే దానిలో కోకో బటర్ కాని ఇతర వృక్ష సంబంధమైన కొవ్వులు 5 శాతం మించకూడదని మన ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. పోయిన దీపావళికి మా సముదాయంలో పెట్టిన అంగట్లో ఒక డబ్బా కొన్నాను. మా మనవరాలు ఒక ముక్క సగం కొరికి, "తాతయ్యా, ఇది క్రేయాన్‌లా ఉంది" అని పళ్ళెంలో పెట్టేసింది. పిల్లలకు తెలిసినది పెద్దలకు తెలియదా?

వేళచ్చేరి వనజ
నాలుగేళ్ళుగా ప్రతి దీపావళికీ ఫడ్జ్ చేస్తున్న దాన్ని కనుక చెబుతున్నాను. కోకో బటర్ 34 డిగ్రీలకు కరుగుతుందని మీరే అన్నారు, మరి ఐప్పసి (అక్టోబరు, నవంబరు) నెలలో మా వంటింట్లో మధ్యాహ్నం పూట ఎంత ఉంటుందో చూశారా? అందులో సగం కండెన్స్‌డ్ మిల్కే కదా, కనుక అసలు చాక్లెట్‌తో చేసిన ఫడ్జ్ 34 డిగ్రీల దాకా ఆగదు, 30 దగ్గరే మెత్తబడి అంచులు జారుతాయి. మొదటి ఏడు నేను ఖరీదైన డార్క్ చాక్లెట్‌తోనే చేశాను. వానకు కరెంటు పోయింది, చాలాసేపటి తరువాత ఫ్రిజ్ తీసి చూస్తే ట్రేలో ఉన్నది ఫడ్జ్ కాదు, హల్వా. కోడలు గారూ, పంచిపెట్టే డబ్బా ఎవరింటి గట్టు మీద ఎంతసేపు ఉంటుందో మీ చేతిలో లేదు. కాంపౌండ్ వాడండి, వనిల్లా అరచెంచా, ఇన్‌స్టంట్ కాఫీ పొడి అరచెంచా వేయండి, మైనం అన్నవాడే ఉండడు.

బ్రహ్మచారి గది నంబరు 4
శీర్షికలో పొయ్యి వెలిగించని ఫడ్జ్ అని ఉన్నది. వేడినీళ్ళ గిన్నె మీద కరిగించాలంటే నీళ్ళు వేడి చేయడానికి పొయ్యి వెలిగించాలి కదా?

మారతహళ్ళి మూర్తి
మా బెంగళూరులో ఈ తగవే లేదు. అక్టోబరులో ఫడ్జ్ ట్రే రాత్రంతా బల్ల మీద మూత పెట్టి ఉంచాను, ఉదయానికి కత్తితో కోసే గట్టిదనంతో ఉంది. అసలు చాక్లెట్టే వాడండి.

వేళచ్చేరి వనజ
మూర్తి గారూ, మీ ఊళ్ళో ఊరంతా ఫ్రిజ్‌లోనే కాపురం ఉంటుంది. ప్రశ్న పెరంబూరు నుంచి వచ్చింది.

తీగపాకం
వనిల్లా, కాఫీ వేసి రుచిని కప్పిపుచ్చుకోవడాన్ని వంట అనరు. అసలు సంగతి ఒకటి చెప్పాలి. ఫడ్జ్ అన్నది అమెరికాలో పుట్టిన మిఠాయి. 1886లో బాల్టిమోర్‌లో దాన్ని పౌను 40 సెంట్లకు అమ్మేవారనీ, 1888లో తాను వాసర్ కళాశాలలో వేలం అమ్మకానికి 30 పౌన్లు చేశాననీ అక్కడ చదివిన విద్యార్థిని ఒకామె ఉత్తరంలో రాసుకున్నది. అప్పటి ఫడ్జ్ పాకం పట్టి చేసేది: చక్కెర, పాలు, చాక్లెట్ కలిపి 112 నుంచి 116 డిగ్రీల దాకా కాచాలి. మన భాషలో చెప్పాలంటే చన్నీళ్ళ పళ్ళెంలో చుక్క వేస్తే వేళ్ళ మధ్య మెత్తగా ఉండ కట్టే పాకం. తరువాత గిన్నె కదపకుండా గోరువెచ్చగా చల్లార్చి, అప్పుడు చెయ్యి నొప్పి పుట్టేదాకా కలియబెడితే చక్కెర సన్నని రవ్వగా మారి ఆ నునుపు వస్తుంది. తొందరపడి వేడి మీదే కలిపితే ఇసుకలా పలుకులు కడుతుంది. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా తిన్నవారికి ఆ రవ్వ ఏమిటో నేను చెప్పనక్కరలేదు. డబ్బా మూత తీసి కరిగించి పోసేది ఫడ్జ్ ఎలా అవుతుంది? పాకం లేనప్పుడు కనీసం చాక్లెట్ అయినా అసలుది ఉండాలి.

వేళచ్చేరి వనజ
ఈ మాట ఎక్కడో విన్నట్లున్నదే అనుకున్నాను, మా అత్తగారి నోట విన్నాను. నేను రాత్రి పదింటికి బ్యాంకు పని ముగించుకుని వచ్చి ట్రే పెట్టుకుంటే, పొద్దున వచ్చిన చుట్టాలకు ముక్క అందిస్తూ, "ఇది వండినది కాదమ్మా, కలిపినది" అని నవ్వారు. ఆమె మైసూరుపాకు నాలుగు సార్లలో ఒకసారి రాయి అవుతుంది, మరొకసారి ముద్ద అవుతుంది, దాన్ని మాత్రం అందరూ "పాకం కుదరలేదు పాపం" అంటారు. నాది నాలుగింట మూడు సార్లు కుదిరినా వంట కాదు. పాకం మీ ఇష్టం, మీకు తీరిక ఉన్నది. మీరు చెప్పిన ఆ విద్యార్థిని కూడా అమ్మకానికే చేసింది, ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు.

గిండీ ప్రయోగశాల
ఇద్దరూ బిళ్ళల సంగతి వదిలేశారు, అడిగిన అమ్మాయికి అది కావాలి. జెమ్స్ పైపూత చక్కెర, దానికి తేమే శత్రువు. వేడి మిశ్రమంలో కలిపితే లోపలి చాక్లెట్ కరిగి, పూత పగిలి, రంగు చారలు చారలుగా దిగుతుంది. ట్రేలో పోసిన పది నిమిషాల తరువాత, పైభాగం మెరుపు తగ్గి వేలికి ఇంకా అంటుకుంటున్నప్పుడు చల్లి అరచేత్తో మెల్లగా అదమండి. పిప్పరమెంటు ముక్కలు ఇంకా గడుసువి, గాలిలో తేమనే పీల్చుకుని జిగురుగా కారుతాయి. మనకు దీపావళి ఈశాన్య ఋతుపవనం నడుమ వస్తుంది కనుక వాటిని పంచే రోజు ఉదయమే వేయడం మంచిది, లేదా మానేయడం మంచిది. వాటికి బదులు కోవిల్‌పట్టి కడలై మిఠాయిని, అంటే మన పల్లీ పట్టీనే, చిన్న ముక్కలు చేసి వేయండి, చాక్లెట్ తీపిలో ఆ బెల్లం వాసన బాగా తెలుస్తుంది. ఫ్రిజ్ నుంచి తీసిన ట్రేను వెంటనే విప్పకండి, పైన నీటిచెమ్మ పడుతుంది. మూతతోనే అరగంట బయట ఉంచితే ఆ చెమ్మ మూత మీద పడి పోతుంది.

బ్రహ్మచారి గది నంబరు 4
ఇంతకూ పొయ్యి సంగతి ఎవరూ చెప్పలేదు.

మారతహళ్ళి మూర్తి
తగవు తీర్చే మార్గం నాకు తోచింది. 200 గ్రాములు అసలుది, 200 గ్రాములు కాంపౌండ్ వేస్తే రుచికి రుచి, గట్టిదనానికి గట్టిదనం.

గిండీ ప్రయోగశాల
అలా మాత్రం చేయకండి. పామ్ గింజల కొవ్వు, కోకో బటర్ ఒకదానితో ఒకటి పొసగవు. రెండూ కలిస్తే వచ్చేది దేనికది ఉన్నప్పటి కంటె మెత్తగా ఉంటుంది, నాలుగు రోజులకు పైన తెల్లని పొర కూడా కడుతుంది. ఏదో ఒకటే వాడాలి.

తీగపాకం
చూశారా, రసాయనమే చెబుతున్నది, రెంటికీ పొత్తు కుదరదు. తీరిక గురించి వనజ గారు అన్న మాటకు బదులు చెప్పకుండా ఉండలేను. నాకు తీరిక ఉన్నదా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మైనానికి గోధుమ రంగు వేసి, పైన నాలుగు రంగుబిళ్ళలు చల్లి, ఎర్ర రిబ్బను కట్టి, "ఇంట్లో చేసిన చాక్లెట్ ఫడ్జ్" అని చీటీ అంటించి 200 రూపాయలకు అమ్మడం ఏ వంట కిందకు వస్తుందో పెద్దలు చెప్పాలి.

వేళచ్చేరి వనజ
ఎర్ర రిబ్బనా? డబ్బా మూత మీద బంగారు రంగు చీటీ, అందులో 12 ముక్కలా?

తీగపాకం
అవును, 12 ముక్కలే.

వేళచ్చేరి వనజ
అయితే అది నేను చేసిన డబ్బా. ఆ రోజు అంగడి దగ్గర నిలబడి, 200 అంటే చాలా ఎక్కువ, 150కి ఇవ్వమ్మా, పండుగ పూట అని పావుగంట బేరమాడిన తెల్లచొక్కా పెద్దమనిషి మీరే అన్నమాట. ఇచ్చాను కూడా. ఏడాది పొడుగునా ఆ కసి మనసులో పెట్టుకుని, ఇప్పుడు ఊరూ పేరూ తెలియని అమ్మాయి అడిగిన ప్రశ్నకు అడ్డం పెట్టి నన్ను తిడుతున్నారు. ఆ 150లో అసలు చాక్లెట్ ఎలా వస్తుందో మీరే లెక్క వేసి చెప్పండి. డబ్బా, రిబ్బను, వెన్న, పాలడబ్బా పోను నాకు మిగిలినది నా ఆదివారం సాయంత్రం ఒక్కటే, దానికి ఎవరూ ధర కట్టలేదు.

పెరంబూరు కోడలు
నా ప్రశ్న వల్ల ఇంత వస్తుందని అనుకోలేదు. దయచేసి ఇద్దరూ శాంతించండి.

తీగపాకం
శాంతంగానే చెబుతున్నాను. ఆ డబ్బా మీదని నాకు ఇప్పటిదాకా తెలియదు. తెలిసి ఉంటే మనవరాలి మాట ఇక్కడ ఎత్తేవాడిని కాదు, అంతవరకు నాదే తప్పు. బేరం ఆడినది నిజమే. కానీ బేరం ఆడినంత మాత్రాన చీటీ మీద ఉన్న మాట మారదు కదా. కాంపౌండ్ అని రాసి ఉంటే నేను కొనేవాడినో కాదో నాకే తెలియదు, అయినా మనవరాలికి ఇచ్చేటప్పుడు ఇది చాక్లెట్ అని చెప్పేవాడిని మాత్రం కాదు. ఆ పిల్ల క్రేయాన్ అన్నప్పుడు, అన్నం పెట్టిన చేతిని అలా అనకూడదని కోప్పడ్డాను. తరువాత డబ్బా తిప్పి చూస్తే వివరం ఏమీ లేదు. పిల్లను ఊరికే కోప్పడ్డానని ఇప్పటికీ బాధ. నేను మిమ్మల్ని కాంపౌండ్ మానేయమనడం లేదు, రాయమంటున్నాను.

వేళచ్చేరి వనజ
రాస్తే ఎవరూ కొనరు. అంగట్లో అమ్మే కేకులూ బిస్కెట్లూ అందరూ కొంటారు, వెనక సన్న అక్షరాలలో ఏం రాసి ఉందో ఎవరూ చదవరు. ఇంటి నుంచి అమ్మే ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతివారూ ప్రయోగశాల తెరుస్తారు.

గిండీ ప్రయోగశాల
నా పేరు ఎత్తారు కనుక ఒక మాట. కాంపౌండ్ విషమేమీ కాదు. నూనెలూ కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదన్న నియమం 2022 జనవరి నుంచి అమలులో ఉన్నది, దిమ్మ కొనేటప్పుడు వెనక వివరాలు చూసుకుంటే చాలు. కానీ సన్న అక్షరాలలోనైనా ఆ కంపెనీలు రాస్తాయి, వనజ గారూ. మీ చీటీలో అవీ లేవు.

అయనావరం అవ్వ
నేను రెండూ తిన్నాను. పళ్ళు లేని నోటికి రెండూ ఒకటే. డబ్బా ఖాళీ అయిందా లేదా, అది చెప్పండి.

తీగపాకం
అయింది. మిగిలిన 11 ముక్కలూ నేనే తిన్నాను.

వేళచ్చేరి వనజ
మైనం పదకొండు ముక్కలు తిన్నారన్నమాట.

బ్రహ్మచారి గది నంబరు 4
పెద్దలు మన్నించాలి. నా గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రమే ఉన్నది. అందులో మరిగిన నీళ్ళను వెడల్పు గిన్నెలో పోసి, దాని మీద స్టీలు గిన్నె పెట్టి నిన్న రాత్రి ప్రయత్నించాను. మిశ్రమం మొదట బాగానే కరిగింది, రెండోసారి మరిగే నీళ్ళు పోశాక మాత్రం నూనె విడిపోయి పైకి తేలింది. ఏం చేయాలి?

గిండీ ప్రయోగశాల
వేడి ఎక్కువైంది. గిన్నె దించి, గోరువెచ్చని పాలు ఒక్కొక్క చెంచా చొప్పున పోస్తూ ఒకే దిశలో కలపండి, మళ్ళీ కలుస్తుంది. పొయ్యి వెలిగించకుండా చేసినది ఈ చర్చలో మీరొక్కరే.

పెరంబూరు కోడలు
చేసేశాను. నాది అమ్మకం కాదు, ధర అడిగేవారు లేరు కనుక డార్క్ చాక్లెట్‌తోనే చేశాను, పల్లీ పట్టీ లోపల, జెమ్స్ పైన. డబ్బాలో అడుగున చిన్న చీటీ పెట్టి, అందులో ఏమేమి ఉన్నాయో, ఫ్రిజ్‌లో ఉంచాలనీ రాశాను. జెమ్స్‌లో నీలం రంగు ఒక్కటి కొంచెం దిగింది, మిగిలినవి బాగున్నాయి. కానీ 64 అనుకున్నవి కోసేటప్పుడు అంచులు పొడి అయిపోయి 60 మాత్రమే నిలిచాయి. రెండు ఇళ్ళకు జంతికలు ఇచ్చాను.

వేళచ్చేరి వనజ
వచ్చేసారి కత్తిని వేడినీళ్ళలో ముంచి, పొడిగుడ్డతో తుడిచి, ప్రతి కోతకూ మళ్ళీ ముంచి కోయండి. రంపంలా లాగకండి, ఒక్కసారే పై నుంచి కిందకు నొక్కండి. అంచులు పోవు.