అప్‌డేట్: క్యూజీఐఎస్‌లో లావా సిమ్యులేషన్ ఆగిపోయే సమస్య తీరింది

కాంగోలోని న్యీరగోంగో అగ్నిపర్వతం నుంచి గోమా నగరం వైపు లావా పారే దారులు క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో గీద్దామంటే, లావా ప్రవాహాన్ని అంచనా వేసే క్యూ-లావ్‌హా ప్లగిన్ అగ్నిబిలం దగ్గరే ఆగిపోతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, ఇప్పుడు పనిచేస్తోంది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ప్రొజెక్షన్ (మ్యాపు వాడే కొలతల పద్ధతి) చూడమన్న సలహాయే పనిచేసింది. ఎస్‌ఆర్‌టీఎమ్ (నాసా షటిల్ రాడార్ కొలతల) ఎత్తుల రాస్టర్, అంటే గడుల పటం, అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉంది, అంటే గడి వెడల్పు 0.00028 డిగ్రీలు, ఎత్తేమో మీటర్లలో, ఇక వాలు లెక్క ఎలా కుదురుతుంది! దాన్ని మీటర్లలో కొలిచే యూటీఎమ్ 35 దక్షిణ ప్రొజెక్షన్‌కి (కోడ్ ఈపీఎస్‌జీ 32735) వార్ప్ చేసి, అంటే మార్చి, బిలం పాయింట్ కూడా అందులోనే ఇచ్చాక నడిచింది. లేయర్ సెట్టింగ్స్‌లో ప్రొజెక్షన్ పేరు మారిస్తే చాలదు, రాస్టర్‌నే మార్చాలి.

ర్యామ్ చాలదేమో, రీఇన్‌స్టాల్ చేయాలేమో అన్న గొడవకీ దీనికీ సంబంధం లేదు. చిన్న గుంటల్లో ప్రవాహం ఇరుక్కుంటే మాత్రం లావా మందం విలువలు సరిచూడండి. ఫలితాన్ని 2002లో నిజంగా పారిన లావా ప్రవాహాలతో పోల్చే పని ఇంకా మిగిలింది.