నవంబర్ 16 అమ్మల ఆరోగ్య సదస్సు: హాల్ సంగతి అర్జెంట్

మాధవి (కూకట్‌పల్లి), నవంబర్ 8, ఉదయం 10:40
హాల్ మేనేజర్ ఇప్పుడే ఫోన్ చేశాడు. 16న మనకు ఇవ్వడట. పెళ్లివాళ్లు వచ్చి రెండు రోజులకీ కలిపి తీసుకున్నారట. "మీది పొద్దున పూట మూడు గంటలసేపు ప్రోగ్రామే కదా మేడమ్, ధనుర్మాసంలో పెట్టుకోండి, హాలంతా ఖాళీయే" అని పైగా నాకు సలహా. అడ్వాన్స్ 40,000 సంగతి ఎత్తితే ఓనర్ ఊళ్లో లేడన్నాడు. రసీదు నా దగ్గరే ఉంది. చుట్టుపక్కల హాళ్లన్నీ అడిగాను, ఆ ఆదివారం ఒక్కటీ దొరకట్లేదు. ఏం చేద్దామో ఈ రోజే చెప్పండి, 64 మంది అమ్మలకు ఫారిన్‌లో ఉన్న వాళ్ల పిల్లలు ఇప్పటికే చెప్పేశారు.

సుజాత (డబ్లిన్), నవంబర్ 8, మధ్యాహ్నం 12:05
ఇప్పుడే లేచాను వదినా. టెన్షన్ పడకండి, ఏదో ఒకటి దొరుకుతుంది. మిగతా పనులు మాత్రం ఆపొద్దు. స్లైడ్లు దివ్య; ప్రొజెక్టర్, మైకు ఫణి; బ్యానర్, శాలువాలు, జ్ఞాపికలు మాధవి వదిన; లంచ్ బాక్సులు, డబ్బు కిరణ్ అన్న; జూమ్ లింక్ నేను. బుధవారంలోపు ఎవరిది వాళ్లు అయిపోయిందని ఇక్కడ రాయండి. పోయినసారిలా అవ్వొద్దు, అంతే.

కిరణ్ (కార్క్), నవంబర్ 8, మధ్యాహ్నం 1:30
లెక్క చెప్తాను. ఖాతాలో మిగిలింది 52,000. అడ్వాన్స్ రాకపోతే ఇంకో హాల్ మాట మర్చిపోండి. శాలువాలకే 19,000 అడుగుతున్నారు. అమ్మలకు ఇంట్లో ఎన్ని శాలువాలున్నాయో అందరికీ తెలుసు.

ఫణి (నాచారం), నవంబర్ 8, సాయంత్రం 4:15
ఎలాగూ కార్తీక మాసం. కీసర దగ్గర మా మామయ్య వాళ్ల తోట ఉంది. మామిడి చెట్లు, ఉసిరి చెట్టు కూడా ఉంది. అద్దె లేదు. వనభోజనం పెట్టేసి, ఆరోగ్యం గురించి చెట్టు కిందే మాట్లాడుకుందాం. కీసరగుట్ట దర్శనం బోనస్.

సుజాత, నవంబర్ 8, సాయంత్రం 4:40
సూపర్ ఫణీ!! బ్యానర్ మీద ఉసిరి చెట్టు బొమ్మ పెట్టిద్దాం.

మాధవి, నవంబర్ 8, సాయంత్రం 5:05
బాత్రూమ్?

ఫణి, నవంబర్ 8, సాయంత్రం 5:20
బోరు షెడ్ పక్కన ఒకటుంది. ఇండియన్‌ది. శుభ్రం చేయిస్తాను.

మాధవి, నవంబర్ 8, సాయంత్రం 5:32
64 మందికి ఒకటి, అదీ ఇండియన్. మా అత్తయ్య మోకాళ్లతో అందులో కూర్చుంటే ఇద్దరం కలిసి లేపాలి.

ఫణి, నవంబర్ 8, సాయంత్రం 6:00
అన్నిటికీ వద్దంటే ఎలా వదినా? గంటన్నర ప్రయాణం, మూడు గంటల ప్రోగ్రామ్. ఇంట్లో వెళ్లి బయల్దేరితే సరిపోతుంది కదా. హాల్‌లో మాత్రం ఏం గొప్పగా ఉండేవి?

మాధవి, నవంబర్ 8, సాయంత్రం 6:10
నువ్వు ఆడదానివైతే ఈ మాట అనేవాడివి కాదు. అక్కడ కూర్చుని లిస్టులు పెట్టడం, ఇక్కడ తోటలు చూపించడం తేలిక. ఫోన్లు వచ్చేది నాకు.

సుజాత, నవంబర్ 8, రాత్రి 7:45
లిస్టు పెట్టకపోతే ఎవరు ఏం చేస్తున్నారో ఎలా తెలుస్తుంది వదినా? నేను కూడా ఉద్యోగం చేసుకుంటూనే చేస్తున్నాను. మా అమ్మ కూడా ఆ 64 మందిలో ఉంది. నేను చూసి ఏడాదిన్నర అవుతోంది.

అన్నపూర్ణ (తార్నాక), నవంబర్ 9, ఉదయం 6:10
నేను చెబుతుంటే ఫోనే టైప్ చేస్తోంది, తప్పులుంటే సర్దుకోండి. మాధవీ, ఫణీ, పోట్లాడుకోకండి. ఫణి బాబూ, "ఇంట్లో వెళ్లి బయల్దేరితే సరిపోతుంది" అన్నావు. మీ అమ్మలు సరిగ్గా అదే చేస్తారు. ఆ పైన నీళ్లు కూడా మానేస్తారు. ముందు రోజు రాత్రి నుంచే గ్లాసు ముట్టరు, పొద్దున కాఫీ కూడా సగమే. అక్కడ బాత్రూమ్ ఎలా ఉంటుందో, ఎవరిని అడగాలో అని. పెళ్లికెళ్లినా తీర్థానికెళ్లినా ఇదే వరస. ఇంటికొచ్చాక తలనొప్పి, మర్నాడు మూత్రంలో మంట, మలబద్ధకం. నర్సు ఉద్యోగమంతా వార్డుల్లో ఇదే చూశాను. వయసు పెరిగేకొద్దీ దాహమే సరిగ్గా తెలియదు, దాని మీద ఈ ఓర్చుకోవడం ఒకటి. గుండెకో కిడ్నీకో డాక్టర్ నీళ్లకు కొలత పెట్టినవాళ్లు తప్ప మిగతావాళ్లు దాహం కోసం చూడకుండా గంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ వస్తే ఒక్కోసారి జ్వరం కూడా ఉండదు. మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతుంది. మతిమరుపు అనుకుని ఊరుకోకుండా వెంటనే చూపించాలి.

ఇంకో సంగతి. దగ్గినా తుమ్మినా రెండు చుక్కలు పడిపోతాయి చాలామందికి. కూతురికి కూడా చెప్పరు, గుళ్లోకి వెళ్లడం మానేస్తారు. అలాగే ముట్లుడిగి ఏళ్లయ్యాక మరక కనిపిస్తే, ఒక్క చుక్కైనా సరే, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకునేవాళ్లను చూశాను. ఇలాంటివి స్టేజీ మీద నుంచి మైకులో అడిగితే ఎవరు నోరు విప్పుతారు? నాకు ముందు నుంచీ ఆ హాల్ మీద మనసు లేదు. పిలిచారని సరే అన్నాను.

మా ఇంటికి రండి. పాత ఇల్లు, మెట్లు లేవు, వరండా ఉంది, పెరట్లో ఉసిరి చెట్టూ ఉంది. రెండు బాత్రూములు, రెండింటిలోనూ కమోడ్, పట్టుకోవడానికి గోడకు రాడ్లు. మా ఆయన పడ్డప్పుడు వేయించినవి. నలభై మంది పడతారు.

ఫణి, నవంబర్ 9, ఉదయం 8:20
ఆంటీ, సరే. తోట క్యాన్సిల్. వదినా, సారీ.

మాధవి, నవంబర్ 9, ఉదయం 8:45
పర్లేదురా. ఆ నలభై మంది కాక మిగిలినవాళ్లంతా నిజాంపేట, కేపీహెచ్‌బీ, మియాపూర్ వైపు వాళ్లే. వాళ్లకు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడతాను, కార్లు తీయించి. సెక్రటరీని అడిగాను, పదకొండుకల్లా ఖాళీ చేస్తే చాలన్నాడు. బాత్రూమ్‌కి మా ఫ్లాట్, లిఫ్ట్ ఉంది.

సుజాత, నవంబర్ 9, మధ్యాహ్నం 1:10
రెండు చోట్లా ఒకేసారి అయితే ప్రొజెక్టర్ ఎక్కడ పెడతాం? జూమ్?

దివ్య (గాల్వే), నవంబర్ 9, మధ్యాహ్నం 2:30
స్లైడ్లు వదిలేద్దాం అక్కా. ఆంటీ పోస్ట్ చదివాక నా 38 స్లైడ్లలో పనికొచ్చేది ఏదీ కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది నాలుగు ముక్కల్లో అయిపోతుంది. 65 దాటినవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చే నడక లాంటిది, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చేవి, మూడు రోజులైనా బ్యాలెన్స్‌వి. మన అమ్మలు "రోజంతా ఇంటి పని చేస్తూనే ఉంటాం, మళ్లీ వ్యాయామం ఏంటి" అంటారు. నిలబడి కూర తరిగితే తొడల్లో బలం రాదు. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజన్ తగ్గి ఎముక పలుచబడుతుంది, కాళ్లు బలహీనంగా ఉంటే పడతారు, పడితే మణికట్టో తుంటో.

అందుకని రెండే చేయిద్దాం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవడం, పదిసార్లు. స్టవ్ గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, ఆ తర్వాత ఒక కాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడటం. పాలు పొంగేలోపు అయిపోతాయి. పట్టుకోవడం తప్పనిసరి, ధైర్యవంతులు ఉంటారు అక్కడ. నాకు కావాల్సింది కదలని కుర్చీలు. తేలికపాటి ప్లాస్టిక్‌వి జారిపోతాయి, ఫణీ, చూసి తీసుకో. చుక్కలు పడే సంగతికి కూడా వ్యాయామం ఉంది, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే బిగించి వదలడం. అది ఆంటీ లోపలి గదిలో ఐదుగురేసి చొప్పున చెబితే బాగుంటుంది.

కిరణ్, నవంబర్ 10, ఉదయం 11:00
లంచ్ ఎవరు చేస్తున్నారు? క్యాటరింగ్ అతను పులిహోర, బొబ్బట్లు, ఉసిరికాయ పచ్చడి, పెరుగన్నం అని మెనూ పంపాడు. మనిషికి 220.

అన్నపూర్ణ, నవంబర్ 10, మధ్యాహ్నం 12:20
ఆదివారం పూట ఉసిరికాయ ఎవరు తింటారు కిరణ్? మీ అమ్మగారే లేచి వెళ్లిపోతారు. ఆ మెనూలో ఉన్నదంతా బియ్యం, మైదా, బెల్లం. మా వీధి చివరే ఎన్ఐఎన్, జాతీయ పోషకాహార సంస్థ. 2024లో వాళ్లు ఇచ్చిన ఆహార సూత్రాల్లో మొత్తుకున్నది కూడా ఇదే, గింజధాన్యం తగ్గించి పప్పు, కూర పెంచమని. వాళ్ల లెక్కలో కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రోటీన్. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు ఏం తింటారో తెలుసా? పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి "నా ఒక్కదానికి వంటెందుకు" అని పాలూ అరటిపండూ. సగం కూడా రాదు. కార్తీకమని గుడ్డు కూడా మానేశారు కొందరు.

పెసరట్లు పోద్దాం. సెనగ గుగ్గిళ్లు, తోటకూర పప్పు, పెరుగు, రాగి జావ. కాల్షియం ముట్లుడిగాక ఇంకా ఎక్కువ కావాలి, రోజుకు 1200 మిల్లీగ్రాములు. పెరుగు, రాగి, నువ్వులు రోజూ ఉంటే కొంతైనా చేరుతుంది. అప్పడాలు, ఊరగాయ టేబుల్ మీద పెట్టొద్దు. ఉప్పు రోజు మొత్తానికి ఐదు గ్రాములు, ఒక చెంచా. ఆవకాయ బద్దల్లోనే బోలెడు ఉప్పు ఉంటుంది. పెట్టకపోతే తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

మాధవి, నవంబర్ 10, మధ్యాహ్నం 12:50
క్యాటరింగ్ వద్దు. నేను, పై ఫ్లాట్ పిన్ని కలిసి పిండి రుబ్బుతాం. ఆంటీ వైపు ఫణి వాళ్లావిడ.

కిరణ్, నవంబర్ 10, మధ్యాహ్నం 1:15
దేవుడు చల్లగా చూశాడు. శాలువాల సంగతి?

అన్నపూర్ణ, నవంబర్ 11, ఉదయం 5:50
ఇంకో మాట. మర్నాడు 17 ఆఖరి కార్తీక సోమవారం. నక్షత్రాలు చూసేదాకా ఉపవాసం ఉండేవాళ్లు ఉంటారు. ఉండొద్దని చెప్పడానికి నేనెవరిని, నేనూ ఉంటాను. కానీ ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. వాళ్లు తినట్లేదని మాత్రే మానేస్తారు, అదీ తప్పే. ఆ రోజు ఏది వేసుకోవాలో ఏది తగ్గించాలో డాక్టర్‌ని అడగాలి. మన సదస్సుకి వచ్చే డాక్టరమ్మ పది దాకా మా ఇంట్లో ఉండి, అప్పుడు మాధవి వాళ్ల దగ్గరికి ఫోన్‌లో వస్తానన్నారు. అందుకని ప్రతి అమ్మా తను వాడే మందులన్నీ, ఆయుర్వేదం, మోకాళ్ల నొప్పుల బిళ్లలతో సహా, ఒక కవర్‌లో వేసుకుని రావాలి. ప్రిస్క్రిప్షన్ చాలదు. ఇద్దరు డాక్టర్లు ఒకటే మందు రెండు పేర్లతో రాసిన కవర్లు నేను చూశాను. థైరాయిడ్ మాత్ర కాఫీతో మింగేవాళ్లు, దాని వెంటే కాల్షియం వేసుకునేవాళ్లు కూడా బయటపడతారు. థైరాయిడ్ తర్వాత కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి, కాల్షియంకి నాలుగు గంటలు.

బీపీ నేను చూస్తాను. మెట్రో దిగి నడిచొచ్చినవాళ్లను వెంటనే చూడను. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, నోరు మూసుకుంటేనే. ఆ మూడోదే కష్టం.

ఫణి, నవంబర్ 12, రాత్రి 9:30
హాల్‌కి వెళ్లొచ్చాను. 25,000 ఇచ్చాడు, మిగతాది "మెయింటెనెన్స్" అట. కాసేపు గట్టిగానే మాట్లాడాను, ఇక వదిలేశాను. కిరణన్నా, జీపే చేశాను.
దారి: ఎల్బీనగర్, మియాపూర్ లైన్‌లో వచ్చేవాళ్లు అమీర్‌పేటలో మారి నాగోల్ వైపు ఎక్కి తార్నాకలో దిగాలి. స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది, మెట్లు ఎక్కనివ్వకండి. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్ అయితే ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు, ఆధార్ మర్చిపోవద్దు. స్టేషన్ కింద నేను ఆటోతో ఉంటా.

సుజాత, నవంబర్ 13, మధ్యాహ్నం 3:20
అమ్మతో ఇప్పుడే మాట్లాడాను. బాత్రూమ్ గుమ్మం ముందు పాత చీర మడత పట్టాగా వేసుకుంటుందట, ఇన్నేళ్లుగా వీడియో కాల్‌లో నాకు ఎప్పుడూ కనిపించలేదు. తీసేయమంటే "తడి ఎవరు తుడుస్తారు" అంటోంది. దివ్యా, దీనికేం చెప్పాలి?

దివ్య, నవంబర్ 13, మధ్యాహ్నం 3:45
కింద రబ్బరు ఉన్న మ్యాట్ కొనిపించు. రాత్రిళ్లు దారిలో చిన్న లైటు, అరిగిపోయిన హవాయి చెప్పులు బయటికి. మంచం మీద నుంచి లేవగానే నడవకుండా ఒక నిమిషం అంచున కూర్చోమను, కొందరికి లేవగానే బీపీ పడిపోతుంది. షుగర్ ఉంటే రోజూ పాదాల అడుగు చూసుకోవాలి, వంగలేకపోతే అద్దంలో.

సుజాత, నవంబర్ 13, మధ్యాహ్నం 4:00
అందరి అమ్మలకీ ఒక్కో మ్యాట్ ఇద్దామా?

కిరణ్, నవంబర్ 13, మధ్యాహ్నం 4:10
ఇద్దాం. బేగంబజార్‌లో హోల్‌సేల్ అడగండి. 12,000 దాటొద్దు.

మాధవి, నవంబర్ 15, సాయంత్రం 6:40
మ్యాట్లు వచ్చాయి. సగం ఫణి తీసుకెళ్లాడు. ఒక్కోదానికి 14567 అని కాగితం అంటించాం, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్. పిల్లలు దూరంగా ఉన్నవాళ్లకు తెలిసి ఉండాలి. బీపీ మిషన్‌కి కొత్త బ్యాటరీలు వేశాను.

కిరణ్, నవంబర్ 15, రాత్రి 7:15
బ్యానర్ బిల్లు 1,800 వచ్చింది. హాల్ పేరుతో ప్రింట్ అయిపోయిందట. ఏం చేద్దాం?

ఫణి, నవంబర్ 15, రాత్రి 7:20
ఆంటీ, మీ వరండాలో కుర్చీలు దింపించాను. చెక్కవి, బరువైనవి, చేతులున్నవి, నలభై. సికింద్రాబాద్ నుంచి ఒకావిడ పక్కింటి మామ్మని కూడా తీసుకొస్తానంటున్నారు, పిల్లలెవరూ ఫారిన్‌లో లేరు, ఫర్వాలేదా అని అడిగారు.

అన్నపూర్ణ, నవంబర్ 15, రాత్రి 7:50
అదేం ప్రశ్న, తీసుకురమ్మను. మందుల కవర్ మర్చిపోవద్దని మాత్రం చెప్పు.