క్రోమోజోమ్ కొసల్లో క్రాసింగ్ ఓవర్ ఎక్కువ: రిపీట్ల వల్లేనా?

సింహపురి_జువాలజీ: నెల్లూరులో మా స్టాఫ్ రూమ్ తగాదా ఇది. మనిషి క్రోమోజోముల కొసల దగ్గర మినీశాటిలైట్లు, అంటే ఒకే చిన్న ముక్క వరసగా రిపీటయ్యే డీఎన్‌ఏ, గుంపులుగా ఉంటాయి. వీర్యకణాలు, అండాలు తయారయ్యేటప్పుడు జత క్రోమోజోములు తెగి ముక్కలు మార్చుకుంటాయి, అదే క్రాసింగ్ ఓవర్. మగవాళ్లలో అది కూడా అక్కడే ఎక్కువ. మొదటిదే రెండోదానికి కారణమని నా వాదన. ఒకే ముక్క అన్నిసార్లు ఉంటే, తెగిన డీఎన్‌ఏకు జత దొరకడం సులువు కదా!

ఒంగోలు_గిత్త: సార్, అవే రిపీట్లు ఆడవాళ్లలోనూ ఉన్నాయిగా? మొత్తం మీద క్రాసింగ్ ఓవర్లు వాళ్లలోనే ఎక్కువ, కొసల దగ్గర మాత్రం మగవాళ్లది పైచేయి. రిపీట్లే కారణమైతే ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? మగవాళ్లలో క్రోమోజోములు జతకట్టడం కొసల వైపు నుంచి మొదలవుతుంది. అసలు సంగతి అక్కడుంది. (నా పేరు చూసి ఎలాగూ అడుగుతారు: పశువుల్లో మొత్తం లెక్కలో కూడా మగవాటికే ఎక్కువ.)

కందుకూరు_ల్యాబ్: రిపీట్లను అలా తీసిపారేయకండి. 16వ క్రోమోజోమ్ కొసన ఆల్ఫా గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లో ఒక భాగం) జన్యువులు రెండు, దాదాపు ఒకేలాంటివి, పక్కపక్కనే ఉంటాయి. జతలో ఒక క్రోమోజోమ్ మీది మొదటి జన్యువు ఇంకోదాని మీది రెండో జన్యువుతో జతపడి క్రాసింగ్ ఓవర్ జరిగితే ఒక క్రోమోజోమ్‌కు ఒకటే జన్యువు మిగులుతుంది, ఇంకోదానికి మూడొస్తాయి. ఆల్ఫా థలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బులో తరచూ కనిపించే 3.7 కిలోబేస్‌ల (3,700 డీఎన్‌ఏ అక్షరాల) లోపం అలా వచ్చిందే.

ఒంగోలు_గిత్త: అది తెగాక ఎక్కడ తప్పుగా అతుక్కుందన్న సంగతి. ఎక్కడ తెగుతుందన్నది వేరు. 1998లో బ్రిటన్ జన్యు శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ బృందం వీర్యకణాల్లో ఎంఎస్32 అనే మినీశాటిలైట్ చుట్టూ క్రాసింగ్ ఓవర్లను వెతికింది. హాట్‌స్పాట్, అంటే క్రాసింగ్ ఓవర్లు గుమిగూడే చోటు, దాని నడిమధ్య రిపీట్ల బయట ఉంది, దాని అంచు మాత్రమే రిపీట్ల మొదట్లోకి వచ్చింది. రిపీట్ల సంఖ్య ఎక్కువగా మారేదీ ఆ వైపునే. అంటే హాట్‌స్పాట్ పక్కన పడబట్టే ఈ రిపీట్లు పెరగడం, తరగడం. ఇంకో తమాషా వినండి. మనలో చాలా హాట్‌స్పాట్లను ఎంచేది పీఆర్‌డీఎం9 అనే ప్రోటీన్ అని 2010లో తేలింది. డీఎన్‌ఏను పట్టుకునే దాని భాగానికి కోడ్ కూడా ఒక మినీశాటిలైటే!

సింహపురి_జువాలజీ: మరి మగవాళ్లలోని ఎక్స్, వై క్రోమోజోములు? వాటి పొట్టి చేతుల కొసన ఉమ్మడి భాగం సుమారు 27 లక్షల డీఎన్‌ఏ అక్షరాలే. అంత ఇరుకులో దాదాపు ప్రతిసారీ ఒక క్రాసింగ్ ఓవర్ పడాలి.

కందుకూరు_ల్యాబ్: అందులో నాకో సాక్ష్యం ఉంది. ఎలుకల్లో అదే ఉమ్మడి భాగంలో ఎంఓ2 అనే మినీశాటిలైట్ దగ్గర, డీఎన్‌ఏ తెగడానికి కావాల్సిన ప్రోటీన్లు పోగవుతాయని 2020లో చూపించారు. ఇది తెగే చోటు సంగతే కదా, గిత్తగారూ?

ఒంగోలు_గిత్త: ఎలుక ఎక్స్, వైలకు ఒప్పుకున్నా. దాన్ని తెచ్చి మనిషిలో మిగతా 22 జతల క్రోమోజోములకూ అంటగడితే ఒప్పుకోను. ఆడ, మగ తేడాకు ఇంతవరకు మీరిద్దరూ జవాబు చెప్పలేదు.