పాప చికిత్స చీటీ తీసి తేలుస్తారట, ఒప్పుకోవచ్చా?

శ్రీను_తెనాలి:
మా అక్క కూతురికి ఐదేళ్ళు. రెండు నెలల కిందట జ్వరం తగ్గక, కాళ్ళు నొప్పులని ఏడుస్తుంటే డాక్టరుకి చూపించాం. ఒంటి మీద నీలం మచ్చలు చూసి రక్త పరీక్ష రాశారు, ఆ తరవాత బోన్ మ్యారో. చివరికి ఏఎల్‌ఎల్ అన్నారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ కేన్సర్ ఇదేనట. హైదరాబాదులో చికిత్స జరుగుతోంది. మొదటి నెల మందులకి బాగా లొంగింది. ఎమ్మార్డీ అని ఒక పరీక్ష చేశారు. పది వేల కణాల్లో ఒక్క కేన్సర్ కణం మిగిలినా పట్టేస్తుందట. అందులో ఏమీ కనబడలేదు.

ఇప్పుడు ట్రయల్‌లో, అంటే మందుల మీద చేసే పరిశోధనలో, చేరతారా అని అడుగుతున్నారు. రాబోయే ఒక దశలో డాక్సోరుబిసిన్ అనే ఎర్ర మందు ఇవ్వాలి, అది గుండెకి మంచిది కాదంటారు. సగం మంది పిల్లలకి మామూలు డోసులే ఇస్తారు, సగం మందికి తగ్గిస్తారు. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తుంది, డాక్టరు చేతిలో కూడా ఉండదు. బావ ఒకటే మాట: "నా కూతురేమన్నా లక్కీ డ్రానా?" అక్కేమో మందు తగ్గితే మంచిదే కదా అంటోంది. మీరైతే ఏం చేస్తారు?

భద్రాచలం_బిడ్డ:
నేనైతే ఒప్పుకోను. కారణం మా ఊరి దగ్గరే ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ళలో చదువుకునే పిల్లలు. అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో గొడవై ఆపారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే తప్పుపట్టింది. కొందరు పిల్లలు చనిపోతే దానికి టీకా కారణం కాదని విచారణలో తేల్చారు, సరే, అది నేను కాదనను. కానీ ఆ కాయితంలో ఏముందో మా వాళ్ళకి ఎవరూ చదివి చెప్పలేదు. అందుకే "పరిశోధన" అంటే మా దగ్గర ముందు తలుపేసుకుంటారు.

పీజీ_సెకండ్_ఇయర్:
అన్నా, ఖమ్మంలో జరిగింది తప్పే, దాన్ని ఎవరూ సమర్థించరు. కానీ దాన్ని దీంతో కలపొద్దు. ఇక్కడ జబ్బు ఉన్న పాప, చికిత్స ఎలాగూ జరగాలి. ఏ సగంలో పడినా మందు పడుతుంది. చీటీలో రాకపోతే ఉత్త సెలైన్ పెట్టి వదిలేస్తారని చాలామంది అనుకుంటారు, అది కాదు.

ఇంకో మాట. ఈ జబ్బు 1960ల మొదట్లో నూటికి పదిమందిని కూడా వదిలేది కాదు. ఇప్పుడు డబ్బున్న దేశాల్లో దాదాపు తొంభై మంది బతుకుతున్నారు. కొత్త మందులు వచ్చినవి కొన్నే. ఉన్న మందుల్నే ఎంత, ఎప్పుడు, ఎన్ని వారాలు ఇవ్వాలో ఒక్కో ట్రయల్‌లో తేల్చుకుంటూ వచ్చారు. ఈ వేళ పాపకి ఇస్తున్న విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పెరిగే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. మెథోట్రెక్సేట్ వెనకాల మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం ఉంది.

భద్రాచలం_బిడ్డ:
సుబ్బారావు గారి పేరు వస్తుందని నాకు తెలుసు. వారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందునే 1947-48లో బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు గారు 16 మంది పిల్లలకి ఇచ్చారు. పది మందికి తగ్గింది, కానీ కొన్నాళ్ళే. మళ్ళీ తిరగబెట్టింది. అక్కడ చీటీలు ఎవరూ తియ్యలేదు కదా? అప్పుడు చెయ్యడానికి ఇంకేం లేదు కాబట్టి ఇచ్చారు. ఇప్పుడు పనిచేసే చికిత్స చేతిలో ఉంది. బాగున్న దాన్ని తగ్గించి చూడటం ఎందుకు అన్నదే శ్రీను వాళ్ళ బావ అడిగే ప్రశ్న, నా ప్రశ్న కూడా అదే.

మోడరేటర్:
బొప్పాయాకు రసం పోస్టులు రెండు తీసేశాను. కీమో నడుస్తున్న పిల్లలకి ఇక్కడ ఎవరూ నాటు వైద్యం చెప్పొద్దు.

డాలస్_ప్రసాద్:
నేను డాక్టర్ని కాదు, స్టాటిస్టిక్స్ పని చేస్తాను. "ఎందుకు తగ్గించాలి" అన్న ప్రశ్నకి రెండు పాత ట్రయల్స్ చెబుతాను, రెండిటి జవాబులూ వేరు.

బ్రిటన్‌లో యూకేఏఎల్ఎల్ 2003 అని ఒకటి జరిగింది. ఎమ్మార్డీలో బాగా లొంగిన పిల్లల్లో సగం మందికి ఒక గట్టి కీమో దశ మొత్తం తీసేశారు. తీసేసినవాళ్ళకి నష్టమేమీ కనబడలేదు. జర్మనీ, ఇటలీ తదితర దేశాల ఏఐఈఓపీ-బీఎఫ్ఎం 2000లో, ఎమ్మార్డీలో ఏమీ కనబడని పిల్లలకే ఆ దశని పొట్టిగా, తక్కువ డోసుతో ఇచ్చి చూశారు. ఎనిమిదేళ్ళకి జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు మామూలు చికిత్సలో నూటికి సుమారు 92, తగ్గించినదాంట్లో 89. అంటే తగ్గించడం అక్కడ దెబ్బకొట్టింది.

మీ బావగారి భయం ఉత్తిది కాదని నేనూ అంటాను. కానీ ఈ మందు ఎంత తగ్గించొచ్చో పాప డాక్టరుకి కూడా నిజంగా తెలీదు. తెలిసి దాస్తే అది మోసం, తెలీనప్పుడు చీటీ తీయడం మోసం కాదు. డాక్టరు తన మనసుకి తోచినట్టు ఈ పాపకి ఎక్కువ, ఆ బాబుకి తక్కువ ఇస్తే అదీ చీటీయే, లెక్క రాయని చీటీ.

భద్రాచలం_బిడ్డ:
"లెక్క రాయని చీటీ" మాట బాగుంది ప్రసాద్ గారూ. కానీ చీటీ లేకుండా కూడా తేలిన సంగతులున్నాయి కదా? ఒకప్పుడు మెదడుకి పాకకుండా పిల్లల తలకి రేడియేషన్ ఇచ్చేవారు, చదువు, ఎదుగుదల దెబ్బతినేవి. అమెరికాలో సెయింట్ జూడ్ ఆసుపత్రి వాళ్ళు 498 మందికి అది లేకుండా చికిత్స చేసి, పర్లేదని 2009లో చెప్పారు. టోటల్ 15 అనే ఆ ట్రయల్‌లో రేడియేషన్ ఎవరికి అని చీటీ వెయ్యలేదు, అందరికీ మానేశారు.

డాలస్_ప్రసాద్:
నిజమే, దాంట్లో మీదే గెలుపు. అయితే పాత రోజుల పిల్లలతో పోల్చి తేల్చింది అది. తేడా పెద్దదైతే అలా తెలుస్తుంది, నూటికి మూడు తేడాని అలా పట్టుకోలేం.

గుంటూరు_కారం:
మరి బ్లినాటుమొమాబ్ అనే కొత్త మందు సంగతి? 2024 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. 1440 మంది పిల్లలు, సగానికి కీమోతో పాటు అది ఇచ్చారు. మూడేళ్ళకి జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు 96 శాతం, మామూలు కీమోలో 88 శాతం. చీటీలో ఆ మందు రాని పిల్లల అమ్మలు ఇప్పుడేం అనుకోవాలి?

పీజీ_సెకండ్_ఇయర్:
దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదండి. తేడా తెలియగానే చీటీలు ముందుగానే ఆపేశారు, అది చూడటానికి ట్రయల్‌తో సంబంధం లేని కమిటీ ఉంటుంది. కానీ అప్పటికే రెండో సగంలో ఉన్న పిల్లలున్నారు. వాళ్ళ అమ్మలకి ఏం చెప్పినా సరిపోదు.

మెయింటెనెన్స్_అమ్మ:
చాలా రోజులుగా చదువుతున్నాను, ఈ రోజు రాస్తున్నాను. మా పాపకి ఇదే జబ్బు, ఇప్పుడు ఇంట్లో మాత్రల దశలో ఉంది. పుస్తకంలో ఉన్న డోసు ప్రకారం మెర్కాప్టోప్యూరిన్ ఇస్తే రక్తకణాల కౌంట్లు పాతాళానికి పడిపోయాయి, పది రోజులు వార్డులో ఉన్నాం. నేనే మాత్రలు తప్పు వేశానని ఒకాయన నా మీద అరిచారు. తరవాత జీన్ టెస్ట్ చేస్తే ఎన్‌యూడీటీ15 అనే జీన్‌లో తేడా ఉందని తేలింది. డోసు బాగా తగ్గించారు, ఆ తరవాత కౌంట్లు నిలబడ్డాయి. తెల్లవాళ్ళలో ఈ తేడా అరుదట, మన ఆసియా వాళ్ళలో ఎక్కువ. ఏఎల్‌ఎల్ పిల్లల్లో దీని సంగతి 2015లో బయటపడింది. అంటే అంతకు ముందు ఎంతమంది తల్లులు తిట్లు తిన్నారో.

నేను చెప్పేది ఇదే, మన పిల్లల మీద ఎవరూ చూడకపోతే వేరే దేశం పిల్లల డోసు మన పిల్లల నోట్లో పోస్తారు. నేనైతే సంతకం పెడతాను. కానీ శ్రీను గారూ, కాయితం ఆ రోజే పెట్టొద్దు. తెలుగులో ఉన్న కాపీ ఇంటికి తెచ్చుకోండి. నాలుగు సంగతులు అడగండి. మధ్యలో మానేస్తే ఇప్పటి చికిత్స ఆగదు కదా? అదనంగా చేసే పరీక్షలకి డబ్బు ఎవరిస్తారు? దారి ఖర్చు, మీ బావగారి కూలీ పోయిన రోజులు ఎవరు చూస్తారు? ట్రయల్ వల్ల ఏదైనా అయితే వైద్యం ఎవరు చేయిస్తారు? ఆఖరిదానికి క్లినికల్ ట్రయల్స్ మీద ప్రభుత్వం తెచ్చిన 2019 నిబంధనల్లోనే జవాబుందని మా డాక్టరమ్మ చెప్పింది, అయినా వాళ్ళ నోటితో చెప్పించుకోండి.

పీజీ_సెకండ్_ఇయర్:
అమ్మా, చాలా బాగా రాశారు. ఇంకొకటి కలుపుతాను. పిల్ల పెద్దదైతే తన మాటా అడగాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళు దాటితే నోటి మాట, పన్నెండు దాటితే రాతపూర్వకంగా. ఈ పాపకి ఐదే కాబట్టి అమ్మానాన్నలదే నిర్ణయం.

శ్రీను_తెనాలి:
అందరికీ దండాలు. వారం రోజులు కాయితం ఇంట్లో పెట్టుకున్నాం. అక్కకి రెండుసార్లు చదివి వినిపించాను. బావ వద్దన్నాడు. ప్రసాద్ గారు చెప్పిన 92, 89 లెక్క కూడా చెప్పాను, "ఆ మూడులో నా బిడ్డ ఉంటే?" అన్నాడు, నేనేం మాట్లాడలేకపోయాను. నిన్న వెళ్ళి వద్దని చెప్పాం. డాక్టరమ్మ సరేనంది. ఎందుకని అడగలేదు, మొహం మార్చుకోలేదు. వచ్చే సోమవారం మందు మామూలు డోసులోనే మొదలు.

భద్రాచలం_బిడ్డ:
శ్రీనూ, వద్దంటే సరేనన్న డాక్టరైతే నేను సంతకం పెట్టేవాణ్ణేమో.

మెయింటెనెన్స్_అమ్మ:
సోమవారం అన్నారు కదా, డిజిటల్ థర్మామీటర్ రెండు కొని ఉంచండి, ఒకటి ఎప్పుడూ సెల్ అయిపోతుంది. ఆ దశలో కౌంట్లు పడతాయి. జ్వరం వంద దాటితే పొద్దున్నే చూద్దామని ఆగొద్దు, అర్ధరాత్రయినా బయలుదేరండి.