చీమకుర్తి టిప్పర్లకి డీపీఎఫ్ పీకించేది మైలేజీ కోసమేనా?

గుట్టరోడ్డు:
చీమకుర్తి క్వారీల్లో బీఎస్-6 టిప్పర్లు తిప్పే వాళ్లని అడుగుతున్నా. మ్యాపింగ్ వాళ్లు సైలెన్సర్ డబ్బా కోసి, లోపల పొగలోని మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ గడ్డ తీసేసి, మళ్లీ వెల్డింగ్ కొట్టి, ఈసీఎంలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) ప్రోగ్రామ్ మార్చి ఇస్తున్నారు. పొగని కడగడానికి చిమ్మే యూరియా కూడా ఆపేస్తారంట. లీటరుకి అర కిలోమీటరు పెరుగుద్దని వాళ్ల మాట. పొగ రూలు బీఎస్-4 నుంచి 5 వదిలేసి 2020 ఏప్రిల్ 1న ఏకంగా 6కి దూకారు. హైవే బండికి సరే. గుట్టలో ఫస్టు, సెకండు గేర్ల మీద తిరిగే బండికి ఈ రూలు పనికొస్తుందా? తెలిసినోళ్లు చెప్పండి, నీతులొద్దు.

పది టైర్ల బండి:
పనికిరాదు. యూరప్ రోడ్ల కోసం రాసుకున్న రూలుని తెచ్చి గుట్ట మీద పెట్టారు. బండి ఖరీదు లక్షల్లో పెరిగింది, యూరియా ఖర్చు కొత్తగా తగిలింది, డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలిగితే పికప్ పడిపోద్ది. తీసేయించు అన్నా, ప్రశాంతంగా ఉంటది.

పంపురూమ్_ఒంగోలు:
ముందు మైలేజీ లెక్క తేల్చుకుందాం. బాగున్న డీపీఎఫ్ వల్ల ఇంజిన్ మీద పడే భారం డీజిల్‌లో ఒకటి రెండు శాతం. రీజనరేషన్‌కి, అంటే పట్టిన మసిని కాల్చడానికి, కాలేది ఇంకాస్త. లీటరుకి 3 కిలోమీటర్లు ఇచ్చే టిప్పర్‌కి అదంతా పోగేసినా వంద మీటర్ల చుట్టుపక్కలే. అర కిలోమీటరు పెరిగిందంటే, తీసేముందు ఆ గడ్డ పూర్తిగా మూసుకుపోయి అయినా ఉండాలి, కొలత తప్పయినా అయ్యుండాలి. ఒకే బంకులో, ఒకే చోట బండి నిలిపి, ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించినప్పుడు ఎన్ని టన్నులు ఎంత దూరం లాగిందో రాసుకున్నోడు చెప్తే వింటా. లోడు రాయకుండా చెప్పే మైలేజీకి విలువ లేదు.

ఇక లైటు ఎందుకు వెలుగుతుందో చూడండి. మసి తనంతట తాను కాలాలంటే పొగ వేడి 250 నుంచి 400 డిగ్రీల మధ్య కాసేపు నిలబడాలి. ఎక్స్‌కవేటర్ కోసం ఐడిలింగ్‌లో ఉన్న బండికి ఆ వేడి రాదు. అప్పుడు ఈసీఎం డీజిల్ అదనంగా పంపి, ముందున్న డీఓసీ అనే కేటలిస్టులో కాల్చి, వేడిని 550–600కి లేపుతుంది. అది మధ్యలో ఆగితే మసి అక్కడే ఉంటది, మళ్లీ మొదలు. సిలిండర్లోకే ఆలస్యంగా డీజిల్ చిమ్మే ఇంజిన్లలో ఇట్లా సగం సగం రీజన్లు జరిగితే డీజిల్ ఇంజిన్ ఆయిల్ ఉండే సంపులోకి దిగుద్ది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగినట్టు కనపడితే సంతోషపడొద్దు, బేరింగులు పోయే రోజు దగ్గర పడినట్టు.

వెంకటాచలం_టోల్:
పాత బీఎస్-3 లారీలు నల్ల పొగ చిమ్ముకుంటా మన ముందే పోతుంటాయి. వాటిని అడిగే నాథుడు లేడు, కొత్త బండ్ల మీద పడ్డారు.

పది టైర్ల బండి:
అదీ మాట. పంపురూమ్ గారూ, మీరు యూరియా సంగతి ఎత్తలేదేం? వంద లీటర్ల డీజిల్‌కి మూడు లీటర్లు అని షోరూంలో చెప్పి అమ్మారు. ఏడు తాగుతుంది. అది మోసం కాదా?

పంపురూమ్_ఒంగోలు:
మూడు అనేది బీఎస్-4 ఎస్‌సీఆర్ (యూరియాతో పొగ కడిగే) బండ్ల నాటి మాట. అప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్ల (నాక్స్) పరిమితి కిలోవాట్ అవర్‌కి 3.5 గ్రాములు, బీఎస్-6లో 0.46. అంత తగ్గించాలంటే యూరియా ఎక్కువే పడుద్ది. నాలుగు నుంచి ఆరు దాకా మామూలే. గుట్ట ఎక్కే లోడు బండికి ఇంకొంచెం పెరగొచ్చు, ఎందుకంటే ఈసీఎం కిలోమీటర్లు చూసి పంపదు, నాక్స్ చూసి పంపుద్ది. పది దాటితే డోసింగ్ వాల్వు కారుతున్నట్టు. విప్పి చూస్తే పైపు లోపల తెల్లటి గడ్డలు కనపడతాయి.

పది టైర్ల బండి:
అంటే ఏడు ఒప్పుకున్నారు. మూడు అని చెప్పి ఏడు.

పంపురూమ్_ఒంగోలు:
ఆరు అన్నాను. ఏడు మీరన్నది.

పది టైర్ల బండి:
"ఇంకొంచెం పెరగొచ్చు" అన్నది ఎవరు? ఆరు మీద ఇంకొంచెం అంటే ఏడు కాక ఐదా?

దర్శి_డ్రైవర్:
మీ ఇద్దరికీ ఒక బకెట్ యూరియా నేను కొనిపెడతా, ఆపండి బాబూ.

కోవూరు_వరి:
యూరియా మాట వచ్చింది కాబట్టి. వరికి వేసే 45 కిలోల బస్తా తీసకపోయి నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో అమ్ముతుండారు. నాట్లప్పుడు మాకు బస్తా దొరక్క క్యూలో నిలబడుతుంటే, సబ్సిడీ యూరియా లారీ ట్యాంకుల్లోకి పోతా ఉండాది. దీని గురించి ఎవరూ మాట్లాడరే?

పంపురూమ్_ఒంగోలు:
పెద్దాయన మాట నిజం. అది నేరం మాత్రమే కాదు, బండికి విషం కూడా. పొలం యూరియాకి వేపనూనె పూత తప్పనిసరి చేసి చాలా కాలమైంది, 2015 నుంచి. ఆ నూనె ఇంజెక్టర్ ముక్కు మీద జిగురు కడుద్ది. బయూరెట్ అనే పదార్థం అందులో 1.5 శాతం దాకా ఉండొచ్చు, బండికి పోసే డీఈఎఫ్‌లో 0.3 దాటకూడదు. దానికి తోడు పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లు. వాటిలోని సున్నం, మెగ్నీషియం కేటలిస్టు మీద పేరుకుంటే కడిగినా పోదు.

సరైన డీఈఎఫ్ అంటే 32.5 శాతం యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. 20 డిగ్రీల దగ్గర సాంద్రత 1.087–1.093 మధ్య ఉండాలి. డీఈఎఫ్ రిఫ్రాక్టోమీటర్‌లో ఒక చుక్క వేస్తే శాతం తెలుస్తుంది, కానీ వేపనూనెని అది పట్టదు. అందుకే సీలు ఉన్న బకెట్, తయారీ తేదీ చూసి కొనండి. 25 డిగ్రీల్లో ఏడాదిన్నర ఉండే సరుకు 35 డిగ్రీల్లో ఆరు నెలలే. రోహిణి కార్తెలో క్యాబిన్ మీద కట్టుకుని తిరిగితే ఇంకా తక్కువ. ఇత్తడి గరాటు, జీఐ డబ్బా వాడొద్దు.

గుట్టరోడ్డు:
ఇదంతా బాగుంది గానీ, నేనడిగింది డీపీఎఫ్ గురించి. గుట్టలో రాతి దుమ్ము మేఘంలా లేస్తా ఉంటే అందులో టిప్పర్ పొగ ఎంత?

పంపురూమ్_ఒంగోలు:
దుమ్ము దుమ్మే, దానికి నీళ్లు చల్లాలి. చల్లరు, అది వేరే తగాదా. డీపీఎఫ్ పట్టే మసి రేణువులు దుమ్ముకంటే బాగా చిన్నవి, ఊపిరితిత్తుల లోతుకి పోతాయి. ఒకటి ఉందని రెండోది వదిలేయమంటే ఎట్లా?

మీ ప్రశ్నకి జవాబు. లైటు తరచూ వెలుగుతుంటే గడ్డ మీద చెయ్యి వేసేముందు ఈ వరుసలో చూడండి. డీపీఎఫ్‌కి ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సర్‌కి రెండు సన్న పైపులు ఉంటాయి. అవి పగిలినా, మసి, నీరు పట్టినా, గడ్డ శుభ్రంగా ఉన్నా నిండిందని చూపించొచ్చు. తర్వాత ఇంటర్‌కూలర్ పైపుల క్లాంపులు: గాలి బయటికి పోతే ఇంజిన్‌కి గాలి చాలక మసి బాగా పెరుగుద్ది. క్వారీలో ఎయిర్ ఫిల్టర్ కంపెనీ పుస్తకం చూసి కాదు, ఫిల్టర్ ఎంత మూసుకుందో చూపే రిస్ట్రిక్షన్ ఇండికేటర్ చూసి మార్చాలి. కొంత పొగని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని బిగుసుకుపోయిందేమో చూడండి. ఇవన్నీ బాగుంటే ఆయిల్. సీకే-4 రకం ఇంజిన్ ఆయిల్‌లో సల్ఫేటెడ్ యాష్ (కాలాక మిగిలే బూడిద) 1 శాతం మించదు. పాత బండికి తెచ్చిన సీఐ-4 డబ్బా మిగిలిందని బీఎస్-6లో పోస్తే దాని బూడిద గడ్డలో చేరుద్ది. మసి కాలుద్ది, బూడిద కాలదు. దానికి గడ్డ విప్పి వెనక నుంచి గాలి కొట్టించడమే దారి. యాసిడ్ నీళ్లతో కడిగితే లోపలి పూత పోద్ది.

పది టైర్ల బండి:
ఇన్ని చూసేలోపు కోసి పారేస్తే సరిపోద్ది కదా. పొగ సర్టిఫికెట్ ఎట్టాగూ వస్తుంది.

పంపురూమ్_ఒంగోలు:
వస్తుంది, ఎందుకు వస్తుందో చెప్తా. డీజిల్ బండికి పొల్యూషన్ సెంటర్లో కొలిచేది పొగ నలుపు ఒక్కటే. నాక్స్ కొలవరు. యూరియా ఆపిన బండి పొగ గొట్టంలో నలుపు కనపడదు, నాక్స్ మాత్రం పాత బీఎస్-3 బండిని కూడా దాటగలదు. ఎందుకంటే ఎస్‌సీఆర్ బండి ఇంజిన్‌ని ముందే వేడిగా, ఎక్కువ నాక్స్ వచ్చేట్టు సెట్ చేసి, వెనక యూరియాతో కడిగేలా కట్టారు. డీజిల్ తక్కువ తాగడానికి అదే కారణం. కడిగేది తీసేసి లాభం మాత్రం ఉంచుకుంటారు మీరు.

వెంకటాచలం_టోల్:
కొన్ని చోట్ల గొట్టంలో పుల్ల కూడా పెట్టరు, బండి ఫొటో తీసి కాగితం ఇస్తారు.

పది టైర్ల బండి:
"మీరు" అంటే? దొంగ అంటున్నారా నన్ను? సెన్సర్ ఒక్కటి పోతే చాలు, మీ వర్క్‌షాపులకి పండగ. ఒక నాక్స్ సెన్సర్ బిల్లుతో రెండు టైర్లు వస్తాయి. డీపీఎఫ్ ఉంటేనే మీకు పని. అందుకే దాన్ని దేవుణ్ణి చేశారు.

పంపురూమ్_ఒంగోలు:
వర్క్‌షాపుకి ఎక్కువ డబ్బు వచ్చేది కోసిన బండ్ల మీదే సార్. మ్యాపింగ్ చేసినోడు ఫోన్ ఎత్తడు, బండి మా దగ్గరికి వస్తుంది. పైగా మోటారు వాహనాల చట్టం 182ఏ(4) ప్రకారం బండిని రూలు దాటి మార్చిన ఓనర్‌కి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. మ్యాపింగ్ వాడు హాయిగా ఇంకో ఊరు పోతాడు.

ముత్తుకూరు_బల్కర్:
అన్నలూ, నాకొక అనుమానం. కృష్ణపట్నం వైపు బూడిద మోసే బల్కర్ ట్యాంకర్లకి ఇంత గొడవ లేదు. లోడు ఎత్తుకుని హైవే ఎక్కితే దానంతట అదే కాలిపోతుండాది. గుట్టలో రోజూ లైటు వెలిగితే, నిలబెట్టి బటన్ నొక్కి రీజన్ చేసుకోవచ్చు కదా? ముప్పావు గంట పని. చెయ్యకుండా యాడ తిరుగుతుండారు?

గుట్టరోడ్డు:
అసలు తంటా అక్కడే ఉంది. ముప్పావు గంట బండి పక్కన పెడితే సీరియల్ పోద్ది. లోడింగ్ కాడ వెనకున్న బండి ముందుకొస్తుంది, రోజుకి ఒక ట్రిప్పు గోవిందా. అందుకే డ్రైవర్లు రీజన్ ఆపే స్విచ్ నొక్కి పెట్టుకుని తిరుగుతారు. మూడు రోజులు అట్లా తిరిగితే పికప్ పోద్ది, నాలుగో రోజు టోయింగ్.

పంపురూమ్_ఒంగోలు:
ఈ మాట మొదటే చెప్పుంటే సగం రాసేవాణ్ణి కాదు. అంటే కోయించేది మైలేజీ కోసం కాదు, సీరియల్ కోసం.

పది టైర్ల బండి:
ఇప్పుడర్థమైందా? కిరాయి టన్నుకి ఇస్తారు. డీజిల్ మాది, యూరియా మాది, రెండు మూడు గంటల వెయిటింగ్ మాది. ఐడిలింగ్‌లో గంటకి రెండు లీటర్ల దాకా కాలుద్ది. క్వారీ వాడికి ఒక్క పైసా నష్టం లేదు కాబట్టి రెండో లోడర్ పెట్టడు. 12 టన్నులు దాటిన లారీలకి డీజిల్ వాడకం ప్రమాణాలు 2017లో ప్రకటించారే, అవి దేని మీద కొలుస్తారు? 40, 60 వేగంలో నిలకడగా నడిపి. నా బండికి ఆ 40 యాడ దొరుకుద్ది? కంపెనీ పాసైపోద్ది, ఓనర్ దోషి అవుతాడు, డీజిల్ తాగించిన క్వారీ వాడు తూకం చీటీ రాస్తా కూర్చుంటాడు.

పంపురూమ్_ఒంగోలు:
ప్రమాణం గుట్టని కొలవదు అన్నది ఒప్పుకుంటా. ఫ్యాక్టరీ గేటు దాటాక బండిని ఎవరూ చూడకపోవడం కూడా తప్పే. కానీ దానికి మందు కోత కాదు. భోజనం టైములో లోడర్ ఎట్టాగూ ఆగుద్ది. అప్పుడు పెట్టండి రీజన్: న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్, పీటీఓ (తొట్టి ఎత్తే గేరు) ఆఫ్, ఇంజిన్ వేడిగా ఉండాలి, గొట్టం కింద ఎండుగడ్డి, టార్పాలిన్ ఉండకూడదు. వారానికి ఒక లోడు ఒంగోలు బైపాస్ దాకా వేసినా, అరగంట ఆగకుండా నడిస్తే మసి చాలావరకు దిగుద్ది. సీరియల్ పోకుండా చూడమని ఓనర్లంతా కలిసి లోడింగ్ దగ్గర అడగొచ్చు.

పది టైర్ల బండి:
అడిగినోడి బండిని వారం రోజులు పిలవరు. ఈ సంగతి మీ పంపు రూములో తెలియదు. వెయిటింగ్ చార్జీ చీటీ మీద రాసిచ్చే క్వారీ ఒక్కటి చూపించండి, నా బండ్లకి గడ్డలు మళ్లీ పెట్టిస్తా.

పంపురూమ్_ఒంగోలు:
పెట్టించేటప్పుడు కోసిన పాత గడ్డ పెట్టొద్దు. గ్రైండర్ అదురుకి లోపల చిట్లి ఉంటది, మసి ఆ సందులోంచి పోద్ది. కొత్తది బిగించి, ఒరిజినల్ ప్రోగ్రామ్ ఎక్కించి, బూడిద లెక్క ఉంచే యాష్ కౌంటర్ సున్నా చేయించండి. లేకపోతే మొదటి రోజే లైటు వెలుగుద్ది, మళ్లీ నన్నే తిడతారు.

పది టైర్ల బండి:
ముందు క్వారీ పేరు చెప్పండి.