పెద్దవారిలో ఆటిజం నిర్ధారణకు సైకాలజిస్టులకు విడిగా శిక్షణ తప్పనిసరి చేయాలా?

సికింద్రాబాదు సైకాలజిస్టు:
గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. 34 ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని. పదేళ్లుగా కుంగుబాటుకు మందులు వాడుతున్నారు. అంతకుముందు ఒకచోట ఐఎస్‌ఏఏ అనే భారతీయ ఆటిజం కొలమానంతో పరీక్షించి, 70 కంటే తక్కువ వచ్చింది కాబట్టి ఆటిజం లేదని పంపేశారు. నాతో కళ్లలోకి చూస్తూనే మాట్లాడారు. అలా చూడటం కష్టంగా లేదా అని అడిగాను. "కళ్లలోకి చూడను. బొట్టు పెట్టుకునే చోట చూస్తాను, తొమ్మిదో తరగతిలో నేర్చుకున్నాను" అన్నారు.

ఆ మాట రాబట్టడం నాకెవరూ నేర్పలేదు. రెండేళ్ల ఎంఫిల్‌లో నేను చూసిన ఆటిజం కేసులన్నీ పిల్లలవే. పెద్దవారిని చూడాలంటే వేరే శిక్షణ తప్పనిసరి చేయాలంటాను.

జిల్లా ఆసుపత్రి సైకాలజిస్టు:
ఒప్పుకోలేను సర్. మా చుట్టుపక్కల ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉన్నది నాకొక్కడికే. రేపటి నుంచి ఇంకో సర్టిఫికెట్ లేనిదే చూడకూడదంటే, ఇక్కడివాళ్లు రాత్రి రైలెక్కి హైదరాబాదు రావాలి. అంత దూరం వచ్చేది ఎందరు?

ఆ శిక్షణల్లో నేర్పేదేమిటో కూడా చూడండి. ఎడాస్-2 అని, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడుతూ ఆటిజం లక్షణాలు గమనించే విదేశీ పరీక్ష ఉంది. అందులో నాలుగో మాడ్యూల్ ధారాళంగా మాట్లాడే పెద్దవారి కోసం. అందులో స్నేహాలు, పెళ్లి, సొంతంగా బతకడం గురించి అడుగుతారు. ముప్పై ఏళ్లు దాటినా అమ్మానాన్నల దగ్గర ఉండటం మన ఇళ్లలో మామూలు. పెళ్లి కుదిర్చేది పెద్దలు. విదేశీ కొలతను ఇక్కడ ఎలా అన్వయించుకోవాలో చెప్పకుండా కిట్టు వాడకం మాత్రమే నేర్పితే ఏం లాభం?

ఒక తల్లి:
ఐఎస్‌ఏఏను తీసిపారేయకండి. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ మన పిల్లలను చూసి తయారుచేసినది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం చేరాక, మా అబ్బాయికి ధ్రువపత్రం దానితోనే వచ్చింది.

సికింద్రాబాదు సైకాలజిస్టు:
అమ్మా, మీ మాట నిజం. అందులోని 40 అంశాల్లో చాలావరకు బయటికి కనిపించే ప్రవర్తనకు సంబంధించినవే. దాచుకోవడం నేర్చిన మనిషి దగ్గర అవి బయటపడవు. తప్పు కొలమానానిది కాదు, అంకె చూసి ఫైలు మూసేసినవారిది.

41వ ఏట తెలిసినవాడు:
నాకు ఆటిజం లేదని మొదట చెప్పినవారు, ఉందని తర్వాత చెప్పినవారు ఇద్దరూ నమోదైన సైకాలజిస్టులే. లక్షణాలు బాల్యం నుంచే ఉండాలని డీఎస్‌ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ గ్రంథం) నియమం. చిన్నప్పుడు అలాంటివేమీ లేవని మా అమ్మ చెప్పగానే మొదటాయన చేతులెత్తేశారు. రెండో ఆవిడ మా పెద్దమ్మతో ఫోనులో గంటసేపు మాట్లాడారు. నా పాత ప్రోగ్రెస్ కార్డులు తెప్పించుకున్నారు. సామాజిక భయమా, ఓసీడీనా (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే చేయడం), ఏడీహెచ్‌డీనా (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) అని ఒక్కొక్కటే పరిశీలించారు. నాలుగు సార్లు కూర్చున్నాం. ఆ తేడా ఏ శిక్షణతో వస్తుందో అది కావాలి నాకు. మొదటాయన లేదన్నాక పోయిన ఆరేళ్లు నాకు తిరిగిరావు.

సికింద్రాబాదు సైకాలజిస్టు:
అయితే నా మాట కొంత మార్చుకుంటున్నాను. శిక్షణ లేనివారు చూడకూడదని నిషేధం వద్దు. కానీ మూడు రోజుల వర్క్‌షాపు కాగితాన్ని శిక్షణ అనుకోవడం కూడా వద్దు. అనుభవం ఉన్నవారి పక్కన కూర్చుని కొన్ని కేసులు మొదటి నుంచి నివేదిక దాకా చూడాలి. వీడియోలో చూసినా సరే. అందులో ఆడవారు, వయసు మళ్లినవారు తప్పక ఉండాలి. డీఎస్‌ఎంలో ఆటిజానికి విడిగా చోటు దొరికిందే 1980లో. అప్పటికే బడి ముగించినవారిని బాల్యంలో ఈ కోణంలో చూసే అవకాశమే తక్కువ.

జిల్లా ఆసుపత్రి సైకాలజిస్టు:
వీడియోలో అయితే రేపే మొదలుపెడతాను. సోమవారం 57 ఏళ్ల ఉపాధ్యాయుడు వస్తున్నారు. తల్లిదండ్రులు లేరు, అక్కగారు ఉన్నారు. ఆమెను ఏమి అడగమంటారు?

సికింద్రాబాదు సైకాలజిస్టు:
పండగకు చుట్టాలు వస్తే తమ్ముడు ఎక్కడ ఉండేవాడో అడగండి. ఏ బట్ట ఒంటికి తగిలితే ఏడ్చేవాడు, అన్నంలో ఏమి కలిస్తే ముట్టేవాడు కాదు, ఆటలో నియమం మారిస్తే ఏం చేసేవాడు అని అడగండి. "బుద్ధిమంతుడు, ఎవరి జోలికీ పోడు" అంటారు. అక్కడ ఆగకండి. ఎవరి జోలికీ పోకుండా రోజంతా ఏం చేసేవాడో అడగండి. సోమవారం సాయంత్రం నాకు ఫోను చేయండి.