ఊడిన మెమరీయా, ఊదిన మెమరీయా?

హనుమకొండ నుంచి:
మా అబ్బాయీ నేనూ కలిసి ఇంట్లో కంప్యూటర్ కట్టాం. విడిభాగాలన్నీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్నవి. బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ మానిటర్ మీద ఏమీ రావడం లేదు. మదర్‌బోర్డు అంచున నాలుగు చిన్న లైట్లున్నాయి. వాటిలో మెమరీకి గుర్తుగా డీర్యామ్ అని రాసి ఉన్నది పసుపుగా వెలిగి అలాగే ఉండిపోతోంది. అది చూసినప్పటి నుంచీ హాస్టల్లో మా సీనియర్ ఒకాయన చదివే కందపద్యం వెంటాడుతోంది. ఒక్క పాదమే గుర్తుంది.

ఊదిన మెమరీని తిరిగి యొత్తర తమ్మీ

రెండో అక్షరం దగ్గర అనుమానం. ఊదినా, ఊడినా? మిగతా మూడు పాదాలు ఎవరికైనా వచ్చా?

తెనాలి నుంచి:
గురులఘువులు వేసి చూస్తే గణాలు భ, స, నలం, భ, గగ. ఐదు గణాలూ సరిగ్గా ఉన్నాయి, పై పాదం మూడు గణాలతో కలిపి లెక్కపెడితే ఆరో గణం దగ్గర నలం చక్కగా పడింది. కాబట్టి ఇది రెండో పాదమో నాలుగో పాదమో అయి ఉండాలి. ‘యొత్తర’ను ఎవరూ ‘యెత్తర’గా దిద్దొద్దని ముందే మనవి. యతి అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరంతో కుదరాల్సిన పొత్తు. ఊకి ఒతో అది కుదురుతుంది, ఎతో కుదరదు. కవి ఒత్తమన్నాడు, ఎత్తమనలేదు. అంతవరకు గట్టి. ద, డ సంగతి వేరు, అది ప్రాసస్థానం, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావాలి. రెండిట్లో ఏది పెట్టినా భగణమే కనుక గణాలు మనకు సాయం చెయ్యవు. ఇంకొక్క పాదం దొరకాలి.

సికింద్రాబాద్ నుంచి:
నేను సిస్టమ్‌లు కట్టి ఇచ్చే పనిలోనే ఉన్నాను. అది ‘ఊడిన’ అన్నా, సందేహమే వద్దు. పని తెలిసినవాళ్లు ఊదమని చెప్పరు. నోటి గాలిలో తేమ ఉంటుంది, తుంపర పడితే ఆ బంగారు పూత కాంటాక్టులకు మంచిది కాదు. పాత స్టిక్కుకు మురికి పడితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పొడిబట్టతో తుడుస్తాం. మీది కొత్తది, అదీ అక్కర్లేదు. ప్లగ్ పీకేసి స్టిక్కులు తీసి మళ్లీ పెట్టండి. రెండైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటు, నాలుగో స్లాటు. కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒకవైపే ఉంటుంది. ఆ వైపు క్లిక్ వినపడగానే కూర్చుందనుకుంటారు కానీ రెండోవైపు ఒక దారమంత పైకే ఉంటుంది. ‘ఒత్తర’ అన్నది అందుకే.

డాలస్ నుంచి:
కవి ఏం రాశాడన్నది ఒకటి, మనం ఏం చెయ్యాలన్నది ఇంకొకటి. రెండూ కలిపేస్తే పద్యపాఠం చెడుతుంది. ఆ రోజుల్లో పిల్లలందరూ టీవీ గేమ్ క్యాసెట్ ఆడకపోతే తీసి ఊది పెట్టేవాళ్లు. బాగుపడేది కూడా. నిజానికి బాగుచేసింది గాలి కాదు, తీసి మళ్లీ పెట్టడం. కానీ అలా పెరిగిన కుర్రాడు హాస్టల్లో పద్యం కడితే ‘ఊదిన’ అనే కడతాడు. ఈనాటి జ్ఞానంతో చూస్తే ‘ఊడిన’ సుఖంగా ఉంటుంది. సుఖంగా ఉన్న పాఠాన్నే నేను ఎక్కువ అనుమానిస్తాను.

సికింద్రాబాద్ నుంచి:
అక్కయ్యా, మరి ‘తిరిగి’ ఎందుకొచ్చింది? ఊడినదాన్ని తిరిగి ఒత్తుతాం. ఊదినదాన్ని ఒత్తుతాం, అంతే.

డాలస్ నుంచి:
ఊదాలంటే ముందు బయటికి తియ్యాలి కదా తమ్ముడూ. తీసినదాన్ని తిరిగి పెట్టడమే.

కడప నుంచి:
చివరి మాట మీద ఎవరూ మాట్లాడరేం? మా వైపు ‘యొత్తర యబ్బీ’ అని విన్నాను. అదీ గగమే.

తెనాలి నుంచి:
యబ్బీకి గణం సరిపోతుంది. కానీ ‘ఒత్తర’లో చివరి అకారం తర్వాత అబ్బీ వస్తే ‘ఒత్తరబ్బీ’ అయిపోయి ఒక మాత్ర పోతుంది. తమ్మీకి ఆ బాధ లేదు. తమ్ముడ అంటే చివర లఘువు మిగులుతుంది, కందంలో సమపాదం గురువుతో ముగియాలి. కనుక వరంగల్ వైపు కవే, తమ్మీయే.

ద, డల గురించి రాత్రి పోతనను తిరగేశాను. అష్టమ స్కంధంలో గజేంద్రుడి ‘లావొక్కింతయు’ పద్యం రెండో పాదాన్ని చాలామంది ‘తావుల్ దప్పెను’ అని చదువుతారు. అర్థం చెడదు, తావన్నా ఠావన్నా చోటే. ప్రాస వకారం, దానికీ ఇబ్బంది లేదు. పట్టిచ్చేది యతి. శార్దూలంలో పదమూడో అక్షరం యతిస్థానం. వేళ్ల మీద లెక్కపెట్టండి, ‘తనువున్ డస్సెన్’లోని డకారం దగ్గర ఆగుతుంది. డకారానికి ఠకారం చుట్టం, తకారం కాదు. పోతన ఠావుల్ అనే రాశాడని ఆ ఒక్క అక్షరమే సాక్ష్యం చెబుతోంది. నోటి మాటగా వచ్చిన పద్యంలో కూడా ఇలాంటి సాక్షి ఒకటి ఎక్కడో ఉంటుందని నా నమ్మకం.

కడప నుంచి:
పోతనను తలుచుకున్నారు, సంతోషం. మా ఒంటిమిట్టలో కూర్చుని రాసిన పద్యమే అది.

హనుమకొండ నుంచి:
బమ్మెర మా జనగామ పక్కనే ఉందన్నా. ఆ తగవు ఇంకోరోజు పెట్టుకుందాం. సికింద్రాబాద్ అన్న చెప్పినట్టు రెండో స్లాట్లోకి, నాలుగో స్లాట్లోకి మార్చాం. రెండువైపులా సమంగా కూర్చున్నాయి. లైటు అలాగే ఉంది. కానీ ‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’ మాత్రం ఈ పెట్టె గురించే అన్నట్టుంది.

హైదరాబాద్ నుంచి:
మీ మెమరీ డీడీఆర్5 రకం అయితే కాస్త ఆగండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ మెమరీతో ఏ వేగంలో ఎలా మాట్లాడాలో తనంతట తాను కుదుర్చుకుంటుంది, దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. టెన్షన్‌లో మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. బ్యాటరీ తీసి సీమాస్, అంటే బోర్డు దాచుకున్న సెట్టింగులు, చెరిపినా అంతే. ఆన్ చేసి వదిలేసి భోంచేసి రండి. అప్పటికీ లైటు ఆరకపోతే ఒకే స్టిక్కు ఉంచి చూడండి, తర్వాత దాన్ని తీసి రెండోది. ఏ స్టిక్కుది తప్పో, ఏ స్లాటుది తప్పో అలా విడదీయొచ్చు. ప్రాసెసర్‌కు విడిగా ఇచ్చే ఎనిమిది పిన్నుల పవర్ తీగ కూడా చూడండి. అది మరిచిపోయినా ఫ్యాన్లు మామూలుగానే తిరుగుతాయి.

రాజమండ్రి నుంచి:
అందరూ రెండో అక్షరం పట్టుకున్నారు. నాకు మొదటి అక్షరమే నచ్చలేదు. ఇది సమపాదమని తెనాలి మాస్టారే తేల్చారు. సమపాదానికి పైన విషమపాదం, అంటే ఒకటోదో మూడోదో, ఒకటి ఉంటుంది, వాక్యం దానిలోంచే కిందికి దిగుతుంది. అక్కడి చివరి అక్షరంతో సంధి కాకుండా ‘ఊ’ ఇలా ఒంటరిగా నిలబడదు. ‘యూడిన’ కావాలి, లేదా ‘నూడిన’. ఇదే కవి ‘తిరిగి యొత్తర’ అని ఎంత జాగ్రత్తగా అన్నాడో చూడండి. క్త్వార్థమైన ఇకారానికి, అంటే ‘తిరిగి’, ‘చేసి’ లాంటి మాటల చివరి ఇకారానికి, సంధి లేదని చిన్నయసూరి చెప్పిన నియమం తెలిసినవాడే ‘తిరిగొత్తర’ అనకుండా మధ్యలో యకారం, అంటే యడాగమం, తెచ్చుకుంటాడు. అంత తెలిసినవాడు పాదం మొదట్లో విసంధి చెయ్యడు, సంధి కలపకుండా వదలడు. హనుమకొండ వారి చెవికి ఒక హల్లు జారిపోయింది. ఆ హల్లు దొరికితే పై పాదం తోక దొరికినట్టే.

కరీంనగర్ నుంచి:
ఈ పద్యం నేనూ విన్నాను. మాకు చెప్పినాయన కూడా వరంగల్లో చదివినవాడే. మొదటి పాదం ఇది:

మూడే కూతలు కూసిన

ఏఎంఐ వారి బయోస్ (ఆన్ చెయ్యగానే భాగాలను పరీక్షించే ప్రోగ్రామ్) ఉన్న పాత బోర్డుల్లో స్పీకరు మూడుసార్లు కూస్తే మొదటి 64 కిలోబైట్ల మెమరీ దగ్గరే పరీక్ష తప్పిందని అర్థం. పద్యం దాని గురించే. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి ఆ స్పీకరు రావడం లేదు, విడిగా కొని తగిలించుకోవాలి. అందుకే హనుమకొండ అన్న పెట్టె మూగగా ఉంది.

రాజమండ్రి నుంచి:
చూశారా! ‘కూసిన’ ఇక్కడ చేదర్థకం, కూసినట్లయితే అని. కూసినన్ అని ద్రుతం ఉన్న మాట. దాని మీద ఊడిన వస్తే ‘కూసిన నూడిన’. జారిపోయిన హల్లు నకారం. మొదటి పాదం గగ, భ, భ. ప్రాస డకారం, ముందు గురువు. మూడే, నూడిన.

తెనాలి నుంచి:
బాగుంది. అయినా యతి ఊ, ఒ అచ్చుల మీదే నిలుస్తుంది కనుక నకారం చేరినా దానికి ఢోకా లేదు. నేను డకారానికి ఒప్పుకుంటున్నాను.

డాలస్ నుంచి:
నేను ఇంకా ఒప్పుకోలేదు. కరీంనగర్ వారు ఈ పాదం చెప్పింది ఇక్కడ ‘ఊడిన’ పదిమంది నోట విన్న తర్వాత. ముందే విని ఉంటే ఆ సాక్ష్యానికి బలం వేరు. పైగా ఇలాంటి పద్యానికి హాస్టల్‌కొక పాఠం ఉంటుంది. ఊదినవాళ్లు ఒక మొదటి పాదం, ఊడినవాళ్లు ఇంకో మొదటి పాదం కట్టుకుని ఉండొచ్చు. మూడో పాదం, నాలుగో పాదం వచ్చేదాకా తీర్పు వద్దు.

హనుమకొండ నుంచి:
భోంచేసి వచ్చేసరికి పసుపు లైటు ఆరిపోయింది! ఇప్పుడు దాని పక్కన వీజీఏ అన్నది, గ్రాఫిక్స్‌ది, తెల్లగా వెలుగుతోంది. తెర ఇంకా నల్లగానే ఉంది.

సికింద్రాబాద్ నుంచి:
మెమరీ దాటింది, మంచి వార్త. మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకు పెట్టారా, మదర్‌బోర్డుకు పెట్టారా? ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు వైపు పెడితే ఎప్పటికీ బొమ్మ రాదు. కార్డుకు విడిగా పవర్ తీగ ఇచ్చారో లేదో కూడా చూడండి. కార్డునూ ఒకసారి తీసి గట్టిగా ఒత్తండి.

డాలస్ నుంచి:
కరీంనగర్ వారిని ఒకటి అడగాలి. ‘మూడే కూతలు’ అని విన్నారా, ‘మూడో కూతను’ అని విన్నారా? గణాలు రెండిటికీ ఒకటే. కానీ మూడే అయితే మూడు కూసి ఆగింది, మూడో అయితే ఆ తర్వాత ఇంకా కూసి ఉండొచ్చు. అప్పుడది మెమరీ పద్యమే కాకపోవచ్చు.

కరీంనగర్ నుంచి:
మూడే. ఏకారం సాగదీసి చదివేవాడు.

తెనాలి నుంచి:
సాగదీసేవాడంటే అది అవధారణార్థక ఏకారం, మూడు మాత్రమే అని నొక్కి చెప్పేది. అలాగైతే మూడో పాదంలో దానికి జవాబుగా ‘కూడా’ లాంటి మాటతో ఎత్తుకుని ఉండాలి, ప్రాస కూడా కలుస్తుంది. ‘కూడ’ కాదు, గుర్తు చేసుకునేవాళ్లు డాకు దీర్ఘం ఉందో లేదో గమనించండి.